అలవాట్లు లేని ఆడవాళ్ళం

నా పెళ్ళి మాటలప్పుడు మధ్యవర్తి మా బాపుతో చెప్పిన మాటల్లో ఒక్కటే నాకు గుర్తుంది. "పిలగానికి ఏ అలవాట్లు లేవు" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా బాపు మొహం విప్పారింది. నేను తలుపు వెనకాల నిలబడి విన్నాను. అలవాట్లంటే ఏమిటో నాకెవరూ విడమరిచి చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా. మా వైపు ఆ మాటకు అర్థం తాగుడు, బీడీ, పేకాట. పొద్దున లేవడం అలవాటు కాదు, అన్నం తినడం అలవాటు కాదు. అలవాట్లనేవి మగవాళ్ళ సొత్తు. ఆడవాళ్ళకు పనులుంటాయి, పండుగలుంటాయి, మోకాళ్ళ నొప్పులుంటాయి. అలవాట్లుండవు.

పెళ్ళయిన కొత్తలోనే ఆయన చొక్కా ఉతుకుతుంటే జేబులో తడిసిన బీడీ కట్ట దొరికింది. తర్వాత సీసా కూడా బయటపడింది. జీడిమెట్లలో షిఫ్టు పనికి పోయేవాడు. డ్యూటీ దిగాక నేరుగా ఇంటికి వచ్చిన రోజులు తక్కువ. మనిషి చెడ్డవాడు కాదు. తాగి వచ్చినా గొంతు లేపేవాడు కాదు, మూలకు కూర్చుని నేను మిషన్ తొక్కుతుంటే చూసేవాడు. చివరికి కాలేయం పాడై చనిపోయాడు. వచ్చిన వాళ్ళంతా "అలవాట్లతోనే పాయె పాపం" అన్నారు. నేనూ ఔనన్నట్టు తలాడించాను. ఆ పొద్దున కూడా నేను నోట్లో పండ్లకు పొడి పెట్టుకునే ఉన్నాను. దానికీ దీనికీ ఏదో సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదు.

మాకు పిల్లలు లేరు. ఆ సంగతి మీద ఊరు మాట్లాడవలసిందంతా ఎప్పుడో మాట్లాడేసి ఊరుకుంది. శామీర్‌పేటలో చెరువు కట్ట వైపు పోయే దారిలో రెండు గదుల ఇల్లు, ముందు గదిలో కుట్టుమిషన్, గుమ్మం బయట సిమెంటు అరుగు. ఇదీ నాకు మిగిలింది. చుట్టూ విల్లాలు లేచాక పని పెరిగింది. అక్కడి ఆడవాళ్ళు కార్లలో వచ్చి ఫోన్లో బొమ్మ చూపిస్తారు, వీపు మీద కిటికీ పెట్టమంటారు, తాళ్ళకు గంటలు కట్టమంటారు. జాకెట్టుకు ఇన్ని ద్వారాలెందుకో నాకు అర్థం కాదు గానీ కుట్టి ఇస్తాను. వాళ్ళు కూర్చోరు. ఇంజను ఆపకుండానే కొలత చెప్పి పోతారు.

కూర్చునేది మా వాళ్ళే. అందరికంటే ముందు అక్క. సొంత అక్క కాదు, మూడిళ్ళ అవతల ఉంటుంది. వాళ్ళాయన చెరువులో వల వేస్తాడు, ఈమె పెద్ద రోడ్డు పక్కన గంప పెట్టి చేపలమ్ముతుంది. మధ్యాహ్నానికి గంప ఖాళీ చేసుకుని, చేతులు కడుక్కుని, నా అరుగు మీదికి వచ్చి చేరేది. ఆమె వచ్చిందని నాకు వాసనే చెప్పేది. ఎంత కడిగినా పోని చేపల వాసన, దాని మీద కొంగున కట్టిన పొడి డబ్బా వాసన.

ఆ పొడి అక్క సొంతంగా చేసేది. దుకాణంలో దొరికే పొడిలో మట్టి కలుపుతారని ఆమె నమ్మకం. ఎండిన పొగాకు తెచ్చి, పెనం మీద సన్నటి మంటకు మాడీ మాడకుండా వేయించి, రోట్లో దంచి, గుడ్డలో జల్లించేది. ఆ గుడ్డ నాది. జాకెట్లకు వేసే లైనింగు గుడ్డలో మిగిలిన ముక్కలు ఆమె కోసమే దాచేదాన్ని. "నీ గుడ్డల జల్లిస్తెనే మెత్తగ వస్తది చెల్లె" అనేది. అలా పొడిలో సగం నా చెయ్యి కూడా ఉందని నాకు గర్వంగా ఉండేది.

నాకు ఈ పొడి అక్క దగ్గర మొదలైంది కాదు. చిన్నప్పుడు పన్ను పోటుతో ఏడుస్తుంటే మా అవ్వ తన వేలికి అంటిన పొడి నా చిగురుకు రాసింది. తల గిర్రున తిరిగింది, పోటు పోయింది. తర్వాత నాట్లకు పోయినప్పుడు ఆకలి తెలియకుండా పెట్టుకునేవాళ్ళం. తర్వాత పెట్టుకోకపోతే పొద్దు పొడిచినట్టే ఉండేది కాదు. మా అవ్వ పెట్టుకుంది, మా అమ్మ పెట్టుకుంది. దాన్ని వాడుక అనేవాళ్ళం, పండ్లు తోముకోవడం అనేవాళ్ళం. దానికి వేరే పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

మధ్యాహ్నం అరుగు మీద డబ్బా తిరిగేది. అక్క మూత తీసేది, కూలి పనికి పోయి వచ్చిన ఇద్దరు ముగ్గురు చేతులు చాపేవాళ్ళు, నేను మిషన్ ఆపి గుమ్మంలోకి జరిగేదాన్ని. చిటికెడు తీసి కింది పెదవి లోపల, ఎడమ వైపు దవడకు ఆనించి పెట్టుకునేవాళ్ళం. పొడి జారిపోకుండా పెదవి బిగబట్టి మాట్లాడటం వల్ల అందరి మాటలూ ముద్దముద్దగా వచ్చేవి. ఎవరు ఏ కబురు చెప్పినా సగమే అర్థమయ్యేది, మిగతా సగం మేమే కల్పించుకుని నవ్వేవాళ్ళం. నవ్వితే పొడి జారి పొలమారేది, దానికి మళ్ళీ నవ్వు. ఆయన పోయాక నన్ను బతికించింది ఆ గంట సేపే అని ఇప్పుడు చెప్పగలను. మిగతా రోజంతా మిషన్ చప్పుడు తప్ప నాతో మాట్లాడేది ఏదీ లేదు.

పుల్లటి పుంటికూర పచ్చడి తిన్నప్పుడు ముందు తెలిసింది. ఎడమ దవడ లోపల నిప్పు పెట్టినట్టు మంట. కారం ఎక్కువైందనుకున్నాను. మర్నాడు చారుకు కూడా మండింది. అద్దంలో చూస్తే పెదవి లోపల నుంచి దవడ దాకా తెల్లగా, ఆరిపోయిన పాల మీగడ అంటుకున్నట్టు మచ్చ. గీకితే పోలేదు. అక్క చూసి "ఏడి చేసింది, సల్ల తాగు" అంది. చల్ల తాగాను. పొడి పెట్టుకుంటే కాసేపు మొద్దుబారి మంట తెలియకపోయేది కాబట్టి రోజుకు ఇంకో రెండు చిటికెలు పెంచాను కూడా.

తగ్గకపోయేసరికి మేడ్చల్‌లో పండ్ల దవాఖానకు పోయాను. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నోట్లో లైటు వేసి చూసి, మచ్చ చుట్టూ అద్దం తిప్పి, "అలవాట్లు ఏమైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగింది.

నాకు నిజంగానే కోపం వచ్చింది. మొగుడు పోయినదాన్ని, కష్టం చేసుకుని బతికేదాన్ని, నన్నా ఈ మాట అడగడం? "అయ్యో మేడం, నాకేం అలవాట్లు!" అన్నాను. పొద్దున నోరు మూడుసార్లు పుక్కిలించి వచ్చాను, మర్యాదగా. ఆమెకు వాసన కూడా తగిలి ఉండదు.

పక్కనున్న పన్ను కొన గరుకుగా ఉంది, అది ఒరుసుకుంటోందేమో అని దాన్ని అరగదీసింది. బలం మాత్రలు రాసింది. రెండు వారాల్లో మళ్ళీ రమ్మంది, తగ్గకపోతే అసలు ఆలస్యం చెయ్యొద్దని రెండుసార్లు చెప్పింది. నేను ఆలస్యమే చేశాను. పెళ్ళిళ్ళ రోజులు, విల్లాల కిటికీలన్నీ నా నెత్తి మీదే ఉన్నాయి.

రెండోసారి పోయినప్పుడు బయట గదిలో చాలాసేపు కూర్చోవలసి వచ్చింది. నోరు మండుతోంది. చెయ్యి దానంతటదే కొంగు ముడి విప్పింది, అక్క నింపి ఇచ్చిన నా డబ్బా మూత తీసింది. నేను పెదవి లాగి పొడి పెట్టుకుంటుండగా తలుపు తెరిచి డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"నోట్లో ఏంటమ్మా అది?"

"పొడి, మేడం."

"ఏం పొడి?"

"పండ్ల పొడి."

"అందులో ఏం వేస్తారు?"

"పొగాకు."

ఆ మాట అన్నాక కూడా నాకేమీ అనిపించలేదు. ఆమె నన్ను అలాగే చూస్తూ నిలబడింది. "మరి ఆ రోజు అలవాట్లు లేవన్నారు?"

"గిది అలవాటెట్లయితది మేడం? పండ్లు తోముకునుడు."

కూర్చున్న వాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు. లోపలికి తీసుకుపోయి, నోరు కడిగించి, చేతికి అద్దం ఇచ్చింది. "మచ్చ ఎక్కడుందో చూడండి" అంది. చూశాను. "ఇప్పుడు పొడి ఎక్కడ పెట్టుకుంటారో వేలితో చూపించండి" అంది. వేలు పెట్టాను. వేలు సరిగ్గా మచ్చ మీద ఆగింది. ఇన్నేళ్ళుగా దారి తెలిసిన వేలు అది, తప్పు చోట ఎందుకు ఆగుతుంది? వేలు తీసి మళ్ళీ పెట్టాను, మళ్ళీ అక్కడే ఆగింది.

తర్వాత ఆమె అడిగినవన్నీ చిత్రంగా ఉన్నాయి. వక్క నములుతారా అంది. భోజనమయ్యాక ఒక పలుకు వేసుకుంటాం, అదీ అలవాటేనా? కల్లు తాగుతారా అంది. "బోనాలకు, చుట్టాలొస్తే. అది పండుగ మేడం." పళ్ళు తింటారా అంది. పళ్ళంటే మా ఇళ్ళల్లో ఎవరైనా దవాఖానలో పడితే తెచ్చేవి. ఆమె తల పట్టుకుంది గానీ విసుక్కోలేదు. పొగాకు కాల్చినా, నమిలినా, చిగురుకు రాసినా పొగాకే అంది. పొగ రానంత మాత్రాన మంచిదైపోదు. వక్క కూడా నోటికి చేటే. మందో కల్లో తోడైతే చేటు ఇంకా పెరుగుతుంది. ఆకుకూరలూ పళ్ళూ తినడం ఒంటికి మంచిదే గానీ, పొడి పెట్టుకుంటూ ఎన్ని తిన్నా లాభం లేదు. ప్రతి తెల్ల మచ్చా క్యాన్సర్ కాదు, కొన్ని అలా మారతాయి, ఏది మారుతుందో కంటితో చూసి చెప్పలేం, ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఇదంతా చెప్పాక "ఇన్ని రోజులూ నేను పన్నును అనుమానించాను" అంది మెల్లగా. నాకు ఆ అమ్మాయి మీద జాలేసింది. అడగవలసిందే అడిగింది. ఆమె మాటకు ఒక అర్థం, నా మాటకు ఇంకో అర్థం.

అలాగే ముక్క తీసి పంపారు. దాని సంగతి తేలేదాకా నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు? అక్కకు చెబుదామని నోటి దాకా వచ్చేది. ఆమె డబ్బా మూత తీస్తుంటే ఆగిపోయేది. అప్పుడు కూడా చెయ్యి చాపాను. భయపడి మానేస్తారనుకుంటాం. భయానికి నేను ఇంకో చిటికెడు పెట్టుకున్నాను.

ఇప్పటికి క్యాన్సర్ కాదని తేలింది. కానీ లోపల కణాలు మారడం మొదలైందని, ఈ రోజు నుంచే పొడి ముట్టొద్దని, మానేస్తే మచ్చ తగ్గే అవకాశం ఉందని, తగ్గకపోతే కోసి తీసెయ్యాలని, ఏదైనా సరే చెప్పినప్పుడల్లా వచ్చి చూపించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. మేడ్చల్ నుంచి షేర్ ఆటోలో వస్తూ దారి పొడుగునా ఏడ్చాను. పక్కన కూర్చున్నావిడ జరిగి చోటిచ్చింది, ఏమిటని అడగలేదు.

మానడం నేను అనుకున్నంత తేలిక కాలేదు. తలనొప్పి, చేతుల వణుకు, ఊరికే కోపం. ఒక జాకెట్టుకు కుడి చెయ్యి ఎడమ వైపు కుట్టి, విప్పి, మళ్ళీ అలాగే కుట్టాను. నోట్లో ఏమీ లేకపోతే నోరు నాది కానట్టుండేది. డాక్టరమ్మ సోంపు వేసుకోమంది. సోంపు ఎవరికి కావాలి?

అక్క వచ్చింది. మూత తీసి నా ముందు పెట్టింది.

"వొద్దక్కా. బంద్ జేసిన."

"ఎందుకే?"

చెప్పాను. ముక్క తీసిన సంగతి, అద్దం సంగతి, అంతా చెప్పాను. ఆమె విన్నది. విని, "గా పోరి దవాఖాన నడవాలె గద, గట్లనే జెప్తది. మా అత్త పండు ముసలిదయ్యేదాక పెట్టుకున్నది, ఏమైంది?" అంది. డబ్బా ఇంకొంచెం నా వైపు జరిపింది. "గింతంత పెట్టుకో. పరేషాన్ తగ్గుతది."

అక్క అది ప్రేమతోనే జరిపింది, నాకు తెలుసు. ఆ వాసనకు నా నోట్లో నీళ్ళూరాయి, అందుకే నాకంత కోపం వచ్చింది. "నా అరుగు మీద ఇంకోపారి గా డబ్బ తియ్యకు" అని అరిచాను. కూలికి పోయి వచ్చిన వాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. అక్క మూత పెట్టింది, కొంగున ముడి వేసుకుంది. "నా చెయ్యి ఇసమైందా నీకు?" అని లేచి పోయింది. ఆమె వెనకాలే మిగతా వాళ్ళు కూడా పోయారు.

తప్పు చేశానని ఇప్పటికీ అనుకోను. ఆ డబ్బా ఇంకో మధ్యాహ్నం నా ముందు తెరుచుకుని ఉంటే నేను చెయ్యి చాపేదాన్నే. కానీ ఆ రోజు నుంచి నా అరుగు ఖాళీ అయింది. వాళ్ళంతా రోడ్డు పక్కన అక్క గంప దగ్గరే చేరడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం అయ్యేసరికి చెయ్యి మిషన్ ఆపేస్తుంది, గుమ్మం వైపు చూస్తుంది. ఎవరూ ఉండరు. మళ్ళీ తొక్కుతాను. పొడి మీద మోజు కొన్నాళ్ళకు తగ్గింది. ఆ గంట మీది మోజు తగ్గలేదు. డాక్టరమ్మ దగ్గర దానికి మందు లేదు. అడుగుదామనుకుని, నవ్వుతుందేమోనని ఊరుకున్నాను.

డాక్టరమ్మ నడవమంటే సాయంత్రాలు చెరువు కట్ట మీద నడిచేదాన్ని. జంటలు, ఫోటోలు దిగేవాళ్ళు, మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్ళు, అందరికీ ఎవరో ఒకరున్నారు. తిరిగి వచ్చేటప్పుడు పెద్ద రోడ్డు దగ్గర అక్క కనిపించేది, ఇప్పుడు సాయంత్రాలు కూడా పెడుతున్న గంప ముందు గొంతుక్కూర్చుని. నన్ను చూడగానే చేపల మీద నీళ్ళు చల్లడం మొదలుపెట్టేది. అప్పుడే చల్లిన నీళ్ళు కారుతూనే ఉండేవి. నేను కూడా ఏదో గుర్తొచ్చినట్టు అటు తిరిగి పోయేదాన్ని.

నెలలు గడిచాక మచ్చ పలచబడింది. డాక్టరమ్మ సంతోషంగా "బాగుంది, ఇలాగే ఉండండి" అంది. ఇంటికి వచ్చి పుంటికూర పచ్చడి నూరాను. మండలేదు. పులుపు, వెల్లుల్లి, ఎండుమిరపకాయ, అన్నీ వేరువేరుగా నాలుక్కి తగిలాయి. ఎప్పుడో మా అవ్వ నా చిగురుకు పొడి రాయకముందు తిన్న రుచి అది. "మస్తుంది" అని పైకే అన్నాను. గదిలో ఎవరూ లేరు.

ఈ మధ్య ఒక మధ్యాహ్నం, కొలత గుడ్డ మీద గీత గీస్తుంటే చేపల వాసన వచ్చింది. తలెత్తితే గుమ్మంలో అక్క. చేతిలో నల్ల కవరు. చిక్కిపోయింది. నా చేతిలో సుద్ద ముక్క విరిగింది.

"కొర్రమీను" అంటూ కవరు గడప పక్కన పెట్టింది. అరుగు మీద కూర్చుంది. కొంగున ముడి లేదు. నేను నీళ్ళిచ్చాను. ఒక పక్కకు తల వంచి, మెల్లగా, కుడి వైపు నుంచే తాగింది.

అప్పుడే నాకు అర్థమైంది.

"ఎన్ని దినాల సంది అక్కా?"

"ఏమో. పండు ఊగుతాంది అనుకున్న. కారం తినొస్తలేదు. చాయ్ గూడ సల్లార్చుకొని తాగుతున్న. పొడి పెట్టుకుంటె గూడ మంట ఆగుతలేదు." నోరు తెరిచి నా వైపు తిప్పింది. "జర జూడు. నీకొచ్చిందే గద. నీకు తగ్గె, నాకు గూడ తగ్గుతది గద?"

ఫోన్ లైటు వేసి చూశాను. నాది తెల్లగా ఉండేది. ఆమెది తెల్లగా లేదు. ఎర్రగా, మధ్యలో పుండై, అంచులు గట్టిగా లేచి ఉన్నాయి. వేలితో తాకితే రాయిలా తగిలింది. ఆమె రావాలని ఎన్ని మధ్యాహ్నాలు కోరుకున్నానో నాకు తెలుసు. వచ్చింది. నేను నేర్చుకున్నదేదీ ఈ పుండు ఏమిటో చెప్పడానికి చాలదు. డాక్టరమ్మే చెప్పాలి. లైటు ఆర్పేశాను.

"రేపు పొద్దుగాల మేడ్చల్ పోదాం" అన్నాను.

"రేపు గిరాకి ఉంటదే. ఆదివారం పోదాం."

"రేపే. శాపలు ఖరాబయితె కానీ."

"సరె తియ్యి" అంది. ఇద్దరం రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాం. ఎన్నాళ్ళ తర్వాతో అరుగు మీద నా పక్కన మనిషి ఉంది. ఆమె భుజం నా భుజానికి తగులుతోంది. అయినా అంత ఒంటరిగా ఆయన పోయిన రోజు కూడా లేను.

పోయేముందు అన్నాను, "అక్కా, ఒక్క మాట యాదికి పెట్టుకో. ఆమె ఏమన్న అలవాట్లున్నయా అని అడుగుతది. జల్దీ జల్దీ లేవనకు."

అక్క ఆశ్చర్యంగా నా మొహంలోకి చూసింది. దాచేదేమీ లేని మనిషి చూపు అది. ఆ మొదటి రోజు డాక్టరమ్మ కుర్చీలో కూర్చుని నేను చూసిన చూపు అది.

"నాకేం అలవాట్లున్నయే?" అంది. "నీకెర్కనే గద."